మిఠాయి జాతకం

మన వ్యక్తిత్వ వికాస వక్తల జోలెలో ఎన్ని సభలు తిరిగినా అరగని కథ ఒకటుంది. అమెరికాలో ఒక ప్రొఫెసర్‌గారు నాలుగేళ్ల పిల్లల్ని ఒక్కొక్కరిగా గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా ఒక మార్ష్‌మాలో పెట్టారట. మార్ష్‌మాలో అంటే ఏమిటో సభలో సగం మందికి తెలియదు కాబట్టి వక్తగారి దయవల్ల అది చాక్లెట్ అవుతుంది, ఊరిని బట్టి లడ్డూ కూడా అవుతుంది. ‘ఇప్పుడే తింటే ఒకటే, నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండు’ అని చెప్పి ప్రొఫెసర్‌గారు బయటికి వెళ్లారు. కొందరు ఆగారు, కొందరు గుటుక్కుమనిపించారు. ఏళ్లు గడిచాక చూస్తే ఆగినవాళ్లంతా మంచి మార్కులు తెచ్చుకుని పైకొచ్చారు. తిన్నవాళ్ల సంగతి చెప్పబోతూ వక్తగారు కాస్త ఆగి, ముందు వరసలో ఫోన్ నొక్కుకుంటున్న కుర్రాడి వైపు చూస్తారు. చప్పట్లు. ఆ రాత్రి ఎందరో తల్లిదండ్రులు పిల్లాడి ముందు మిఠాయి పెట్టి తలుపు సందులోంచి వాడి జాతకం చూస్తారు. పంచాంగం అక్కర్లేదు, పుట్టిన సమయం అక్కర్లేదు, పావుగంట చాలు. నమ్మనివాళ్ల కోసం చివర్లో ఒక ముద్ర కూడా పడుతుంది: ‘ఇది నా మాట కాదు, సైన్సు ప్రయోగం చేసి నిరూపించింది.’

ఆ ప్రయోగం నిజంగానే జరిగింది. అందులో తేలింది మాత్రం ఇది కాదు. వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్లో ఈ పని మొదలుపెట్టారు. ఎవరు బుద్ధిమంతులో, ఎవరు తిండిపోతులో తేల్చడం ఆయన ఉద్దేశం కాదు. ఎలాంటి పరిస్థితిలో పిల్లలు ఆగగలరు, ఎలాంటి పరిస్థితిలో ఆగలేరు అన్నది ఆయన ప్రశ్న. అందుకని పరిస్థితిని తానే మార్చి చూశారు. కొందరి ముందు తినుబండారాలు కనబడేలా ఉంచారు, కొందరికి కంటికి ఆనకుండా తీసేశారు. ఏ పిల్లకు ఏ ఏర్పాటు అన్నది ఆ పిల్ల స్వభావాన్ని బట్టో, తండ్రి ఉద్యోగాన్ని బట్టో కాకుండా చీటీ తీసినట్టు నిర్ణయించారు. సహ పరిశోధకుడు ఎబ్బెసెన్‌తో కలిసి 1970లో ప్రచురించిన ఫలితం చూడండి: వెంటనే దక్కేదీ, ఆగితే దక్కేదీ రెండు తాయిలాలూ కంటి ముందే ఉన్న పిల్లలు సగటున ఒక్క నిమిషం ఆగారు, ఏదీ కనబడని పిల్లలు 11 నిమిషాలు దాటి ఆగారు. కళ్లెదుట తాయిలం ఉన్నా గెలిచిన కొందరు చిచ్చరపిడుగులు చేసిన పనులు ముచ్చటగా ఉంటాయి. కళ్లు చేతులతో మూసుకున్నారు, తలను చేతుల మీద వాల్చారు, తమలో తామే మాట్లాడుకున్నారు, పాటలు పాడుకున్నారు, నిద్రపోవడానికి ప్రయత్నించారు. 1972లో ఇంకో అడుగు వేశారు. ఏదైనా సరదా సంగతి తలుచుకోమని చెబితే పిల్లలు ఎక్కువసేపు ఆగారు. తాయిలాన్నే తలుచుకోమంటే ఇట్టే చేతులెత్తేశారు.

ప్రయోగం అంటే ఇది. కారణమని అనుమానించినదాన్ని పరిశోధకుడు తన చేత్తో మార్చాడు, తక్కిన తేడాలన్నీ రెండు గుంపుల్లోనూ సమానంగా చెదిరిపోయేలా చూశాడు, ఆ తర్వాత ఫలితం మారిందా అని కొలిచాడు. కాబట్టి ‘తాయిలం కనబడకపోవడం వల్ల పిల్లలు ఎక్కువసేపు ఆగారు’ అని నిబ్బరంగా అనవచ్చు. దీన్నుంచి తీయగల నీతి కూడా సులువే: చదువుకునే పిల్లాడి బల్ల మీంచి ఫోన్ తీసి అటక మీద పెట్టండి. కానీ ఈ నీతికి టికెట్లు తెగవు. అటక మీద ఫోన్ పెట్టడానికి మూడు రోజుల శిబిరం అక్కర్లేదు కదా. పైగా ఇంచుమించు ఒకే వయసు, ఒకే బడి, ఒకే ఊరి పిల్లల ఓపిక ఏర్పాటు మారగానే ఒక నిమిషం నుంచి 11 నిమిషాలకు ఎగబాకిందంటే, ఓపిక అనేది నుదుటిరాత కాదన్నమాట. వక్తగారు చెప్పే కథకు ఇది పూర్తిగా ఎదురు.

మరి ఆ మార్కుల కథ ఎక్కడి నుంచి వచ్చింది? ఏళ్ల తర్వాత అదే పిల్లల తల్లిదండ్రులకు పరిశోధకులు ప్రశ్నావళులు పంపి, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష మార్కులు అడిగారు. షోడా, మిషెల్, పీక్ కలిసి 1990లో ప్రచురించిన పత్రం ఇది. శాట్ మార్కులు దొరికింది 94 మందివి. అందులోనూ తాయిలం ఎదురుగా ఉండి, ఏం తలుచుకోవాలో ఎవరూ చెప్పని ఒక్క ఏర్పాటులో కూర్చున్న పిల్లల్లోనే ఆగిన సమయానికీ మార్కులకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడింది. వాళ్లు 35 మంది. రెండూ ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం భాషకు 0.42, గణితానికి 0.57. 35 మందితో వచ్చిన 0.42కి సంఖ్యాశాస్త్రం ఇచ్చే వెసులుబాటు లెక్కేస్తే అసలు విలువ 0.1 దగ్గర ఉన్నా ఆశ్చర్యం లేదు, 0.66 దగ్గర ఉన్నా ఆశ్చర్యం లేదు. గుంపు ఇంత చిన్నది కాబట్టి ఈ అంకెలు నిజం కంటే పెద్దవిగా కనబడుతూ ఉండవచ్చని రచయితలే ఆ పత్రంలో హెచ్చరించారు. హెచ్చరిక పత్రంలోనే మిగిలిపోయింది. అంకెలు మాత్రం 1995లో డేనియల్ గోల్‌మన్ రాసిన ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ పుస్తకం లాంటివాటి భుజాలెక్కి ప్రపంచం చుట్టి, మన ఫంక్షన్ హాళ్లలో దిగాయి.

ఈ రెండో భాగంలో ఎవరు ఆగాలి, ఎవరు తినాలి అన్నది ఎవరూ చీటీ తీసి నిర్ణయించలేదు. ఆగే పిల్లలు ఆగారు, తినే పిల్లలు తిన్నారు, వాళ్లతోపాటు వాళ్ల ఇళ్లు, వాళ్ల అమ్మల చదువు, ఇంట్లో వినబడే మాటలు, సగం ఖాళీగానో నిండుగానో ఉన్న ఫ్రిజ్‌లు, అన్నీ ఆ గదిలోకి వచ్చాయి. ఆగడం వల్ల మార్కులు వచ్చాయా, లేక ఆగడాన్నీ మార్కులనూ రెండింటినీ వేరే ఏదో తెచ్చిందా అన్నది ఆ గుణకం చెప్పదు, చెప్పలేదు. రెండూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే చెబుతుంది. ఈ తికమక మనకు అమెరికా నుంచి దిగుమతి కానక్కర్లేదు. ఫలితాలొచ్చిన మర్నాడు పేపర్ మొదటి పేజీ తీయండి. వరసలు వరసలుగా పిల్లల ఫొటోలు, కింద ర్యాంకులు, నెత్తిన కాలేజీ పేరు. మా దగ్గర చదివారు, ర్యాంకు వచ్చింది: రెండూ నిజాలే. మంచి మార్కులొచ్చిన పిల్లల్ని టాలెంట్ టెస్టులు పెట్టి ఏరుకుని, ఫీజు తగ్గించి మరీ చేర్చుకున్న సంగతి ఆ పేజీలో పట్టదు. ర్యాంకుల్ని కాలేజీ తెచ్చిందా, ర్యాంకు తెచ్చే పిల్లల్ని కాలేజీ తెచ్చుకుందా తేలాలంటే, దరఖాస్తు పెట్టినవాళ్లలో చీటీ తీసి సగం మందిని చేర్చుకుని, తక్కిన సగం మందిని సర్కారు కాలేజీకి పంపి చూడాలి. అలా చీటీ తీసే యాజమాన్యం ఇంకా పుట్టలేదు.

తినేసిన పిల్లల మీద పడిన నిందను కొంత కడిగింది 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు చేసి ప్రచురించిన ఒక ప్రయోగం. అందులో పిల్లలు 28 మంది. ముందుగా బొమ్మ వేసుకోమని పాత క్రేయాన్లు ఇచ్చి, ‘కాసేపు ఆగితే ఇంతకంటే మంచివి తెస్తాను’ అని ఒకామె వెళ్లింది. 14 మందికి మాట ప్రకారం తెచ్చి ఇచ్చింది. తక్కిన 14 మంది దగ్గరికి వట్టి చేతులతో వచ్చి, ‘సారీ, లేవు, వీటితోనే వేసుకో’ అంది. స్టిక్కర్లతోనూ ఇదే నాటకం. ఆ తర్వాతే మార్ష్‌మాలో బల్ల మీదికి వచ్చింది. మాట నిలబెట్టుకున్న మనిషిని చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషిని చూసినవాళ్లు 3 నిమిషాలు. పూర్తి పావుగంట ఆగినవాళ్లు మొదటి గుంపులో 9 మంది, రెండో గుంపులో ఒకే ఒక్కరు. ఇక్కడ తినేసిన పిల్లాడిలో లోపమేముంది? రెండుసార్లు మోసపోయినవాడు మూడోసారి చేతిలో ఉన్నది నోట్లో వేసుకోవడాన్ని మన పల్లెల్లో తెలివి అంటారు. రేపు ఇస్తానన్నది రేపు చేతికొస్తుందో రాదో తెలియని ఇంట్లో పెరిగిన పిల్ల ఇంకేం చేస్తుంది? అయితే ఈ ప్రయోగం కూడా ఆ పిల్లల భవిష్యత్తు గురించి ఒక్క ముక్క చెప్పదు. మాట మీద నమ్మకం మారితే ఆగే సమయం మారుతుందన్నంతవరకే దాని సాక్ష్యం.

2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనే ముగ్గురు పాత లెక్కను పెద్ద గుంపు మీద సరిచూశారు. ఈసారి 900 మందికి పైగా పిల్లలు. స్టాన్‌ఫర్డ్ ఆవరణ పిల్లలు కారు. డిగ్రీ పూర్తి చేయని తల్లుల పిల్లల మీదే ప్రధానంగా దృష్టి పెట్టారు. నాలుగున్నరేళ్లప్పుడు ఆగిన సమయానికీ పదిహేనేళ్లప్పటి చదువుకూ సంబంధం కనబడింది, కానీ పాతదాంట్లో సగం. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, చిన్ననాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకునేసరికి ఆ సగంలోనూ మూడింట రెండు వంతులు ఎగిరిపోయింది. మిగిలిన పిసరు కూడా చాలావరకు మొదటి 20 సెకన్లయినా ఆగారా లేదా అన్న దగ్గరే ఉంది. దీనికీ అభ్యంతరం వచ్చింది: చిన్ననాటి తెలివితేటల్ని లెక్కలోంచి తీసేస్తే, నిగ్రహంలో ఓ భాగాన్నే తీసేసినట్టు కాదా అని కొందరు పరిశోధకులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. దేన్ని తీసేయాలో, దేన్ని ఉంచాలో అన్న తగవు సహసంబంధ పరిశోధనను ఎప్పుడూ వదలదు. చీటీ తీసి ఉంటే ఈ తగవే పుట్టదు.

అయితే సహసంబంధ పరిశోధనంతా చెత్తబుట్టలో వేయాలా అని ఎవరైనా అడగొచ్చు. అక్కర్లేదు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న లంకెను 1950లో డాల్, హిల్ అనే పరిశోధకులు ఆసుపత్రి రోగులను అడిగి పట్టుకున్నారు. మనుషుల్ని రెండు గుంపులుగా చేసి ఒక గుంపు చేత ఇరవయ్యేళ్లు సిగరెట్లు కాల్పించిన ప్రయోగం ఏదీ లేదు, ఉండకూడదు. సంఖ్యాశాస్త్రంలో మహామహుడు, తానే పొగరాయుడూ అయిన ఫిషర్, ‘రెండింటికీ మూల కారణం పుట్టుకతో వచ్చే గుణం కావచ్చు’ అని అడ్డుపడ్డాడు. ఆ అనుమానాన్ని పరిశోధకులు చప్పట్లతో తోసేయలేదు. ఎక్కువ కాల్చేవాళ్లకు జబ్బు ఎక్కువగా వస్తోందా, మానేసినవాళ్లకు తగ్గుతోందా అని ఏళ్ల తరబడి ఒక్కొక్కటే తవ్వి, ఇంకో వివరణకు చోటు లేకుండా చేశారు. పేదరికం, తల్లిదండ్రుల విడాకులు, చిన్ననాటి హింస లాంటివాటి విషయంలో మనస్తత్వ శాస్త్రానికి కూడా ఇదే దారి. పిల్లల్ని చీటీ తీసి పేదరికంలోకి నెట్టే ప్రయోగం ఎవడూ చేయడు. కాబట్టి పేచీ సహసంబంధంతో కాదు. కష్టపడి తవ్వాల్సిన చోట ఒక్క గుణకం పట్టుకొచ్చి, పక్కనే జరిగిన అసలు ప్రయోగం చొక్కా దానికి తొడిగి వేదిక ఎక్కించడంతోనే పేచీ.

ఇంకో అభ్యంతరం బలమైనది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యి మందిని ముప్పై ఏళ్లు దాటేదాకా వెంటాడి చూసినవాళ్లు, చిన్నప్పటి ఆత్మనిగ్రహానికీ పెద్దయ్యాక ఆరోగ్యానికీ డబ్బుకూ సంబంధం ఉందని 2011లో చూపారు. తెలివితేటల్నీ కుటుంబ స్థాయినీ లెక్కలోకి తీసుకున్నాక కూడా అది నిలిచింది. దాన్ని గౌరవించాల్సిందే. కానీ అక్కడ నిగ్రహాన్ని కొలిచింది పావుగంట మిఠాయితో కాదు. ఏళ్ల తరబడి తల్లిదండ్రులు, టీచర్లు, పరిశీలకులు చెప్పినవన్నీ కలిపి వేసిన లెక్క అది. పైగా నిగ్రహం ఉన్న పిల్లలు బాగుపడ్డారన్న మాటకూ, మీ పిల్లాడికి వారం రోజుల శిబిరంలో నిగ్రహం నేర్పిస్తే బాగుపడతాడన్న మాటకూ మధ్య ఇంకో ప్రయోగం జరగాలి. శిబిరం బ్రోచర్‌లో ఆ ప్రయోగం ఎక్కడుందో ఫీజు కట్టేముందు వెతకండి.

‘ఓపిక పట్టమంటే తప్పేమిటి, ఎవరికి నష్టం?’ అనేవాళ్లూ ఉన్నారు. ఓపిక పట్టమంటే తప్పేమీ లేదు, మన పెద్దవాళ్లు స్టాన్‌ఫర్డ్ పేరెత్తకుండానే చెప్పారు. నష్టం ఆ తర్వాతి వాక్యంలో ఉంది. ఆగినవాడు పైకొచ్చాడంటే, పైకి రానివాడు ఆగలేదన్నట్టే కదా. వసతిగృహంలో పప్పు నీళ్లు తాగి చదివి ర్యాంకు రాని పిల్లకు మార్కులతోపాటు శీలం కూడా తక్కువేనని ఈ కథ చాటుగా తీర్పు చెబుతుంది. బడిలో టీచర్ లేకపోవడం, ఇంట్లో రెండు పూటలా తిండి లేకపోవడం, చేసిన వాగ్దానం ప్రభుత్వం నిలబెట్టుకోకపోవడం, అన్నీ పక్కకు తప్పుకుంటాయి. ఇంత చవగ్గా నేరం పిల్లల మీదికి నెట్టే సాధనం దొరికితే పెద్దలకు చప్పట్లు కొట్టాలనే ఉంటుంది మరి.

మిషెల్ 2018లో కన్నుమూశారు. బింగ్ నర్సరీలో కూర్చున్న ఆ పిల్లల్లో 113 మందిని నడివయసులో మళ్లీ కదిలించి, ఆస్తి, అప్పు, చదువు లాంటివి లెక్కగట్టిన పత్రం 2020లో వెలువడింది. చిన్నప్పుడు ఆగిన సమయానికి, పెరిగాక వేర్వేరు వయసుల్లో కొలిచిన ఆత్మనియంత్రణను కూడా కలిపి చూస్తే కొంత సంబంధం కనబడింది. నాలుగేళ్లప్పుడు తాయిలం ముందు ఎన్ని నిమిషాలు ఆగారన్నది ఒక్కటే చూస్తే మాత్రం అది వాళ్ల నడివయసు గురించి ఏమీ చెప్పలేకపోయింది. ఆ పత్రం రచయితల్లో వాల్టర్ మిషెల్ పేరు కూడా ఉంది.