నేను గీసిన ఎర్ర గీత

నేను ప్లాటర్‌ని. నా పొట్టలో 36 అంగుళాల వెడల్పున్న కాగితపు చుట్ట తిరుగుతుంటుంది. నాకున్నవి నాలుగే సిరాలు: నలుపు, నీలం, మెజెంటా, పసుపు. ఎరుపు విడిగా లేదు. మెజెంటా మీద పసుపు పడితేనే ఎరుపు పుడుతుంది. అయినా నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు వెతికేది ఆ ఎరుపునే.

2006లో చెక్కపెట్టెలో శంషాబాద్ వచ్చాను. బెంగళూరు రోడ్డు పక్కన ఒక ఇంటి మేడ మీద చిన్న ప్లానింగ్ ఆఫీసు మాది. చుట్టుపక్కల లేచే గోదాములకు, షెడ్లకు షెడ్యూళ్లు వేసిపెట్టేవాళ్లం. అసలైన పెద్ద పని కిటికీ అవతల ఎర్రమట్టి దుమ్ములో సాగుతుండేది. 2005 మార్చిలో కొత్త విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. దాదాపు 5,500 ఎకరాల నేల, 4,260 మీటర్ల రన్‌వే, ఏటా 1.2 కోట్ల మంది ప్రయాణికులు పట్టే టెర్మినల్. దాదాపు మూడేళ్లకు, 2008 మార్చి 14న ప్రారంభోత్సవం చేశారు. ఆ నెల 22 అర్ధరాత్రి దాటగానే బేగంపేటలోని పాత విమానాశ్రయానికి రావలసిన ప్రయాణికుల విమానాలు ఇక్కడ దిగడం మొదలుపెట్టాయి. ఊరంత సంసారాన్ని ఒక్క రాత్రిలో ఇల్లు మార్చినట్టు!

ఆ రాత్రి మా ఆఫీసులో ఎవరూ నిద్రపోలేదు. మా పని కాకపోయినా కిటికీ దగ్గరే నిలబడ్డారు. రన్‌వే దీపాలు, ఇంధనం పైపులు, సామాన్ల బెల్టులు, అగ్నిమాపక బండ్లు, కస్టమ్స్ బల్లలు... వీటిలో ఒక్కటి వెనకబడినా మిగతావన్నీ సిద్ధమై కూడా ఎదురుచూడాల్సిందే. ఒకదాని మీద ఒకటి ఆధారపడిన పనుల్లో అన్నిటికంటే పొడవైన గొలుసునే క్రిటికల్ పాత్ అంటారు. ఆ గొలుసులో ఏ పని ఒక్కరోజు జారినా ముగింపు తేదీ ఒక్కరోజు జారుతుంది. 1957 ప్రాంతంలో డూపాంట్ రసాయన కంపెనీలో ఈ లెక్క పుట్టింది. మరుసటి ఏడాది అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. కాగితం మీద ఆ గొలుసును ఎర్రగా చూపించడం నా వంతు.

కొన్నాళ్లకు ఒక పాలమూరు అమ్మాయి ట్రైనీగా చేరింది. సైటులో అందరూ మేడమ్ అనేవారు. అదే జిల్లా నుంచి వచ్చిన పెద్ద మేస్త్రీ ఒక్కడే "బిడ్డా" అని పిలిచేవాడు. ఆమె ఆయన్ని "కాకా" అనేది. పొద్దున సైటులో తిరిగి, సాయంత్రం ప్రైమవేరా అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ఎక్కించి, రాత్రి నా బటన్ నొక్కడం ఆమె రివాజు.

ఒక గోదాం పనిలో నెలాఖరు సమీక్ష వచ్చింది. ఆ తేదీకి కోటి రూపాయల పని కావాలి. అయింది 80 లక్షలది. ఖర్చు 90 లక్షలు. అంటే వేగం 0.8, పెట్టిన ప్రతి రూపాయికీ చేతికొచ్చిన పని 89 పైసలు. ఎర్న్‌డ్ వాల్యూ అని పెద్దపేరు పెట్టుకున్న లెక్క సారం ఇంతే. అయితే అంకె చెబితే చాలదు, ఎక్కడ ఆగిందో కూడా చెప్పాలి. ఆ మధ్యాహ్నం ఆమె ఎండలో పునాదుల మధ్య నిలబడి మేస్త్రీని అడిగిందట. ఆయన దాచలేదు.

"బిడ్డా, కాంక్రీటు పోసేటప్పుడు టెంప్లేటు కదిలింది. రెండు వరసల బోల్టులు తప్పు పడ్డయి. కొట్టి మల్ల పొయ్యాలె. పన్నెండు రోజులు పడ్తది, రాస్కో."

ఆమె రాసుకుంది. సాయంత్రం ఫోను మోగింది. అవతలి పెద్దమనిషి గొంతు నాకూ వినపడింది. "కాగితమే కదమ్మా, గీత కొంచెం పైకి లాగండి. వచ్చే నెల సర్దుకుందాం."

రాత్రి పదకొండు దాకా ఆమె కీబోర్డు ముట్టలేదు. తర్వాత మేస్త్రీ చెప్పిన పన్నెండు రోజులూ అలాగే ఎక్కించి బటన్ నొక్కింది. నా తల ఎడమకూ కుడికీ కదిలింది. ఎర్ర గీత అప్పగింత తేదీని దాటి పన్నెండు రోజులు ముందుకు పోయి ఆగింది.

పొద్దున్నే మేస్త్రీ వచ్చి, బోల్టుల వరస ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడు. తడి సిమెంటు వేలు. కాగితం మీద బూడిదరంగు ముద్ర మిగిలింది. ఆ కాగితమే సమీక్ష బల్ల మీదికి వెళ్లింది.

ఆమెకు చీవాట్లు పడ్డాయి. అయితే అప్పగింతకు ఇంకా మూడు నెలల గడువుంది కనుక దారులు మిగిలే ఉన్నాయి. బోల్టులు సరిగా పడ్డ తూర్పువైపు స్తంభాలు ముందు నిలబెట్టారు. నేల పనికి రెండో ముఠాను దించారు. గోదాం తాళాలు అనుకున్న తేదీకే చేతులు మారాయి. ఆ రోజు ఇచ్చిన జ్ఞాపికల్లో ఒక్కటీ ఆమె చేతికి రాలేదు. రాని ఆలస్యానికి శాలువా కప్పే ఆచారం ఇంకా ఎక్కడా లేదు. వాన రాకముందే కప్పు నేసినవాడిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆ సాయంత్రం ఆమె నా మూత మీద చేయి వేసి కాసేపు నిలబడింది. నాకు ఇప్పటికీ ఆ బాధ తీరలేదు.

తర్వాత ఆమె రాత్రుళ్లు నా పక్కన కూర్చుని చదివింది. ప్రాజెక్టుల నిర్వహణకు పేరున్న పీఎంఐ సంస్థ 1984 నుంచి ఇస్తున్న పీఎంపీ పరీక్ష పాసయింది. 1956లో పుట్టిన ఏఏసీఈ అనే ఖర్చు లెక్కల నిపుణుల సంఘం వాళ్ల షెడ్యూలింగ్ పరీక్షా గట్టెక్కింది. రెండు పత్రాలనూ నా ఎదుటి గోడకే తగిలించారు. అవి ఊరికే రావు, వాటి వెనక నిద్రలేని రాత్రుళ్లు నేను లెక్కపెట్టాను. కానీ నా కళ్లముందు ఆమెకు నిజమైన పట్టాభిషేకం జరిగింది మరో రోజు. కొత్త పని అప్పజెప్పడానికి అదే గోదాం యజమాని మేడెక్కి వచ్చి, "తేదీ ఆ అమ్మాయితోనే చెప్పించండి, అప్పుడు సంతకం పెడతా" అన్నాడు.

ఇప్పుడు విమానాశ్రయం 3.4 కోట్ల మంది ప్రయాణికులకు సరిపడేలా పెరిగింది. ఆమె ప్రాజెక్ట్ కంట్రోల్స్ విభాగానికి అధిపతి. షెడ్యూళ్లన్నీ తెరల మీదికి వెళ్లిపోయాయి. నేను మూలన, గుడ్డ కప్పుకుని ఉన్నాను.

మొన్న ఒక కొత్త కుర్రాడు చేరాడు. క్రిటికల్ పాత్ చూడటం ఎలాగో నేర్పమన్నాడు. ఆమె తెర వైపు తిరగలేదు. నా కింద అరలోంచి ఆ పాత చుట్ట తీసి బల్ల మీద పరిచింది. ఎరుపు కొంచెం వెలిసింది. కుర్రాడు వంగి చూశాడు.

"ఈ మరక ఏంటి మేడమ్?"

"నాకు తేదీ చెప్పినాయనది" అంటూ ఆమె రెండు హెల్మెట్లు అందుకుంది. "పద, సైటుకు పోయొద్దాం."