కారు వెనక బామ్మర్ది

ఇంట్లో కారు కొన్నవాడికి ఎవరూ చెప్పకుండానే కొన్ని బాధ్యతలు మీద పడతాయి. పెళ్లికూతుర్ని మండపానికి చేర్చడం, పెద్దమ్మని కంటాసుపత్రికి తిప్పడం, ఊరినుంచి బియ్యం బస్తాలు మోసుకురావడం. ఇవన్నీ ముందే ఊహించుకోవచ్చు. ఆగిపోయిన మోటార్‌సైకిళ్లని లాక్కురావడం కూడా ఈ ఉద్యోగంలో భాగమేనని మాత్రం షోరూమువాడు చెప్పడు. నాకు ముగ్గురు బామ్మర్దులు. ముగ్గురికీ బండ్లున్నాయి. ఇండియాలో కారున్న బావని నేనొక్కణ్ణే.

కారుతో కారుని లాగడం పెద్ద విద్యేమీ కాదు. తాడు కడితే వెనకది బుద్ధిగా వస్తుంది. మోటార్‌సైకిల్ పద్ధతి వేరు. నడిస్తే నిలబడుతుంది, నిలబడితే పడిపోతుంది. దాన్ని ఒక తాడుకి కట్టి, ఇంకొకడి కాలు ఆడిస్తున్న బ్రేకుకి అప్పగిస్తున్నాం. తాడు హ్యాండిల్ చివర కట్టారా, లాగిన క్షణమే హ్యాండిల్ అటు తిరుగుతుంది, మనిషి ఇటు పడతాడు. కట్టక తప్పకపోతే హెడ్‌లైటు కింద, ఫోర్కులు రెండూ కలిసే చోట, నడిమధ్యన కట్టాలి. అసలు కట్టకపోవడమే తెలివి. తాడుని ఎడమ ఫుట్‌రెస్టు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, కొసని బూటు కింద తొక్కిపెట్టాలి. తేడా వస్తే కాలెత్తితే చాలు, తాడు దానంతటదే జారిపోతుంది. కారు దారి కారుది, బండి దారి బండిది.

కారు వైపు ఇంకో నాటకం. తాడు పట్టుకొచ్చిన ప్రతివాడూ నేరుగా బంపర్ దగ్గరికే వెళ్తాడు. ఇప్పటి బంపర్లు ప్లాస్టిక్‌వి. దానికి కట్టి లాగితే బంపరొస్తుంది, బండి రాదు. చాలా కార్లలో దీనికోసమే ఒక ఇనుప రింగు ఇస్తారు. డిక్కీలో స్టెప్నీ పక్కన, జాకీ సంచిలో ఉంటుంది. బంపర్ మీద అగ్గిపెట్టెంత మూత తీసి, లోపలికి మరమేకులా తిప్పి బిగించాలి. కారు అమ్మేసేదాకా ఆ సంచి విప్పని మహానుభావులు మనలో చాలామంది.

ఇక చట్టం. నేను సరదాకి కూడా చట్టాలు చదువుతాను, అదో జబ్బు. 1989లో వచ్చి 2017 దాకా నడిచిన రోడ్డు నిబంధనల్లో ఈ లాగుడు గురించి ఏ పెళ్లిపెద్దా పెట్టనన్ని షరతులుండేవి. రెండు బండ్ల మధ్య ఎడం ఐదు మీటర్లు మించకూడదు. తాడు అందరికీ స్పష్టంగా కనపడాలి. వెనకబండికి తెల్లబోర్డు మీద నల్లక్షరాలతో ‘ఆన్ టో’ అని రాసి తగిలించాలి, అక్షరం ఎత్తు కనీసం 75 మిల్లీమీటర్లు. వేగం గంటకి 24 కిలోమీటర్లు దాటకూడదు. దగ్గర్లో ఉన్న గ్యారేజీ దాకానో పెట్రోల్ బంకు దాకానో తప్ప ఊరేగించకూడదు. వెనక కూర్చున్నవాడికి లైసెన్సు ఉండాలి. ఇంజను చచ్చిన బండిమీద కూర్చోడానికి లైసెన్సా అనకండి. హ్యాండిలూ బ్రేకూ వాడి చేతిలోనేగా ఉన్నది!

మా చిన్నబామ్మర్దికి లైసెన్సుంది. లేనిది దగ్గర్లోని గ్యారేజీ మీద నమ్మకం. సంక్రాంతి ముగిసి ఊళ్లన్నీ హైదరాబాదుకి తిరుగుముఖం పట్టిన రోజున, సూర్యాపేట దాటాక వాడి 350 సీసీ బండి నోరు మూసుకుంది. కారణం బండి కాదు, వాడే. ముందు రెండు ఫాగ్‌లైట్లు, కింద నీలంరంగు లైటు, ఆవు అంబా అన్నట్టు అరిచే హారను. ఇన్నింటిని మోసీ మోసీ బ్యాటరీ చేతులెత్తేసింది. పాతకాలం బండైతే రెండో గేరులో వేసి తోసి, క్లచ్ వదిలితే లేచేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా బండ్లలో కార్బురేటర్లు పోయాయి, పెట్రోలు తోడిపెట్టే పంపుకీ కరెంటే కావాలి. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే ఎంత తోసినా మనకి చెమటే. తన్నడానికి కిక్కు కూడా లేని మోడలది.

“పక్కనే మెకానిక్ షాపుంది కదరా” అన్నాను.

“ఛ, వాడు చెయ్యేస్తే బండి పాడైపోద్ది బావా. దిల్‌సుఖ్‌నగర్‌లో మనోడున్నాడు.”

దాదాపు నూటఇరవై కిలోమీటర్లు. చట్టం ఒప్పుకున్నా, ఆ పాత లెక్కన గంటకి 24 చొప్పున ఐదు గంటలు. అయినా వాడు అప్పటికే టీకొట్టువాడి దగ్గర గేదె పలుపు ఒకటి సంపాదించాడు. లాగక తప్పలేదు.

ఈ లాగుడులో కనపడని విద్య ఒకటుంది. తాడు ఎప్పుడూ బిగిసే ఉండాలి. అందుకు బ్రేకు మీద కాలు పెట్టాల్సింది వెనకవాడు. వాడు సన్నగా బ్రేకు తొక్కుతూ వస్తేనే తాడు బిగువుగా ఉంటుంది. చోద్యం చూస్తూ వస్తే స్పీడ్‌బ్రేకరు దగ్గర తెలుస్తుంది. నేను కారు నెమ్మది చేశాను. వాడు చెయ్యలేదు. పలుపు సడలి, నేలకి జారి, మెలికపడి, వాడి ముందుచక్రం కిందికి దూరింది. ఇప్పుడు నేను యాక్సిలరేటరు తొక్కితే తాడు లాగేది ఫుట్‌రెస్టుని కాదు, టైరుని. అద్దంలో వాడి రెండు కళ్లూ హెడ్‌లైట్లంత అవడం చూసి ఆపేశాను.

టోల్‌గేటు దగ్గర ఇంకో అంకం. ఫాస్టాగ్ కూసింది, అడ్డకర్ర లేచింది, కారు దాటింది. అడ్డకర్ర ఠపీమని సరిగ్గా పలుపు మీద దిగింది. ఇటు నేను, అటు వాడు.

“వెనకదానికి ట్యాగేది సార్?”

“టూవీలర్‌కి టోల్ లేదు కదన్నా” అన్నాడు మావాడు, కర్రకి అవతలినుంచి.

“టూవీలర్‌కి ఈ లేనూ లేదు తమ్మీ.”

ఇద్దరి వాదనా న్యాయమే. వెనక కార్లవాళ్లు తీర్పు హారన్లతో చెప్పారు. తాడు విప్పి, వాడు బండిని ఎడమచివర దారిలోంచి తోసుకొచ్చాడు.

ఈలోగా నడిపిబామ్మర్ది వీడియోకాల్ చేశాడు. వాడుండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, అక్కడింకా తెల్లవారలేదు. “అదేంటి బావా, తాడా! నీ కారుకి హిచ్ లేదా?” అన్నాడు దుప్పట్లోంచి. వాళ్ల దేశంలో కారు కింద చట్రానికి బిగించిన ఇనుపగొట్టం, దానికో గుండు, గుండు మీద కూర్చునే ట్రైలరు, తెగితే ఆదుకోడానికి అడ్డంగా మెలేసిన రెండు గొలుసులు, లైట్లకి వైరు. ట్రైలరు బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు గుండు మీద పడాలట. తక్కువైతే హైవే మీద ట్రైలరు తోకాడిస్తుందట. ట్రైలరే లేకుండా బండిని కారు వెనక అడ్డంగా వేలాడదీసే పట్టాలూ ఉన్నాయి. అయితే చిన్నకార్లకి పెట్టే క్లాస్ 1 హిచ్ నిలువుగా మోసేది సుమారు 90 కిలోలే. మనవాడి బండి అంతకి రెట్టింపు. ఎక్కిస్తే కారు మూతి పైకెత్తి చుక్కలు లెక్కపెడుతుంది.

“రివర్స్ ఒక్కటే కొంచెం కష్టం బావా. స్టీరింగ్ ఎడమకి తిప్పితే ట్రైలరు కుడికి పోతుంది. చెయ్యి స్టీరింగ్ కిందిభాగంలో పెట్టుకో, ట్రైలరు ఎటు పోవాలో చేతిని అటు జరుపు.” సలహా బంగారం. ట్రైలరే లేదు.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది సంక్రాంతి సరుకు దించేసి ఖాళీగా పోతున్న టాటా ఏస్. నా మటుకు నాకు కారు వెనక మోటార్‌సైకిల్ లాగడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. కారు ఇందులో లేకపోవడమే దీని గొప్పతనం. డ్రైవరు పాతికేళ్ల కుర్రాడు. ఎక్కించడానికి చెక్క కోసం వెతకలేదు. ఏస్‌ని రోడ్డు దించి, పల్లంలో వెనక్కి పెట్టాడు. రోడ్డు అంచూ ట్రాలీ తలుపూ ఒకే ఎత్తుకొచ్చాయి. బండి రోడ్డు మీంచి నడుచుకుంటూ లోపలికెళ్లిపోయింది. ముందుచక్రానికీ క్యాబిన్‌కీ మధ్య స్టెప్నీ అడ్డం పెట్టాడు. అదే పలుపుతో హ్యాండిల్‌ని రెండు మూలలకీ కట్టి, ముందు షాకబ్జార్బర్లు సగం కుంగేదాకా కిందికి గుంజి ముడేశాడు. ఫ్రిస్కోవాడు ఫోన్‌లో చూసి నోరెళ్లబెట్టాడు. రాచెట్ పట్టీలతో వాడు చేసేదీ అచ్చంగా ఇదేనట.

కార్లో రమ్మంటే చిన్నవాడు వినలేదు. బండిని కనిపెట్టుకుని ఉండాలన్నాడు. ఏస్ ముందు, నేను వెనక. ట్రాలీలో బండి, బండిమీద మావాడు, నెత్తిన హెల్మెట్టు, గడ్డం కింద క్లిప్పుతో సహా.

చిట్యాల దగ్గర టీకి ఆగినప్పుడు అడిగాను, హెల్మెట్టెందుకురా అని.

“కెమెరాలుంటాయి కదా బావా. చలానా బండి నంబరుకే వస్తది.”