సేకరణ గారి సర్వలభ్య రచనలు

తెలుగులో ఇవాళ అందరికంటే ఎక్కువ రాస్తున్నదెవరని అడిగితే, తడుముకోకుండా సేకరణ గారి పేరు చెబుతాను. పొద్దున ఆరింటికి మోకాళ్ళ నొప్పులకి మెంతుల వైద్యం, ఏడింటికి కర్మ సిద్ధాంతం, తొమ్మిదయ్యేసరికి అత్తాకోడళ్ళ కథ రాసి కంటతడి పెట్టించేస్తారు. ఫొటో లేదు, ఊరు లేదు, సన్మానాలకు రారు. ఏ గ్రూపులో చూసినా అడుగున ఆయన సంతకమే.

ఈమధ్య ఆయన మా ఇంటి ఆవకాయ జాడీ గురించి కూడా రాశారు. మా అమ్మ జాడీకి పాత పంచె గుడ్డతో వాసెన కట్టడం, మూడోనాడు తిరగ కలపడం, అంచుకంటిన పిండిని వేడన్నంతో తుడిచి మా నోట్లో ముద్దలు పెట్టడం, అన్నీ ఉన్నాయి. చిక్కల్లా, అది రెండు రాత్రులు కూర్చుని నేను రాసుకున్నది. కింద నా పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో వేశాను. నాలుగోరోజు మా బెజవాడ బాబాయి దాన్ని నాకే పంపాడు. "రాయడమంటే ఇదీ. నువ్వూ ఉన్నావు ఎందుకూ?"

"బాబాయ్, అది నేను రాసిందే."

"కింద సేకరణ అని ఉంది కదరా."

"నా పేరు ఎవరో తీసేశారు."

"తీసేస్తే ఏం? నలుగురికీ చేరింది కదా. పేరు కోసం పాకులాడకూడదురా."

ఈ ఉపదేశం ఎప్పుడూ రాసినవాడికే. ఉన్నది ఉన్నట్టు పంపడానికి ఒక్క నొక్కు చాలు. పేరు పోగొట్టాలంటే మాత్రం మొత్తం కాపీ చేయాలి, ఇంకోచోట అతికించాలి, వేలితో అడుగుదాకా జారాలి, పేరు చెరిపి అక్కడ 'సేకరణ' అని టైపు చేయాలి. బద్ధకస్తుడు చేసే పని కాదిది. అంత కష్టపడీ తన పేరు పెట్టుకోడు. "నాదని చెప్పుకున్నానా?" అంటాడు. గొలుసు తెంపినవాడు, మెళ్ళో వేసుకున్నానా అని అడిగినట్టు. అదృష్టం బాగుంటే మన వాక్యం కలాం గారికి దక్కుతుంది. ఆయన 2015లో పోయినా, రోజూ పొద్దున్నే కొత్త సూక్తి చెబుతూనే ఉన్నారు.

వాట్సాప్ వాడి లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. సందేశం ఐదు చేతులు దాటితే రెండు బాణాలు వేస్తాడు. 2020 నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపనిస్తున్నాడు. ఎన్ని చేతులు మారిందో తెలుసు. మొదటి చెయ్యి ఎవరిదో మాత్రం అడక్కూడదు.

పత్రికకు కథ పంపితే హామీపత్రం జతచేయాలి: ఈ రచన నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు. సొంతంగా రాసినవాడు ఇంత ప్రమాణం చేయాలి. చెరిపినవాడికి ఏ ప్రమాణమూ అక్కర్లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఒకటుంది. హక్కులన్నీ అమ్ముకున్నా, ఇది రాసింది నేనని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుందంటుంది. పాపం, ఆ సెక్షన్ మా గ్రూపులో లేదు. ఎవరైనా వాడుకోండని తలుపులు తెరిచి పెట్టిన వికీపీడియా సైతం, ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పండని మాత్రం అడుగుతుంది.

సేకరణ అన్న మాటకి ఒకప్పుడు మర్యాద ఉండేది. బ్రౌన్ దొర వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించాడు. కడపలో పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలకు నకళ్ళు రాయించి, పాఠాలు సరిచూయించాడు. అప్పులూ చేశాడు. ఆయన సేకరణలో వేమన పేరు చెక్కుచెదరలేదు. చెరపాలన్నా కుదిరేది కాదనుకోండి. మకుటం నాలుగో పాదంలో కూర్చుంది, తీస్తే ఆటవెలది కుంటుతుంది. క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి పదంలోనే నాటాడు. త్యాగరాజు తన పేరునే చరణంలో కలిపేశాడు. అదంతా భక్తి అంటారు పెద్దలు. నాకైతే సగం భక్తి, సగం ముందుచూపు అనిపిస్తుంది.

నేనూ ఆ దారే పట్టాను. రెండోసారి గోంగూర మీద రాసినప్పుడు పేరు కింద పెట్టలేదు. మా అమ్మ నన్ను పేరుపెట్టి కేకేసే మాట మూడుచోట్ల ఇరికించాను. ఇక చెరపమనండి చూద్దాం అనుకున్నాను.

పదిరోజులకి అమ్మ ఫోను. "ఒరేయ్, మా విష్ణుసహస్రనామం గ్రూపులో ఒకటొచ్చింది, నీకు పంపాను చూడు. ఎవరో తల్లి, ఆవిడా నాలాగే గోంగూర ఆకు తడిగుడ్డతో తుడుస్తుందిట. చదువుతుంటే కళ్ళనీళ్ళొచ్చాయిరా."

తెరిచి చూశాను. మూడుచోట్లా నా పేరు బదులు 'చిన్నా' అని ఉంది.

"అమ్మా, అది..."

"అవునూ, ఈ సేకరణ ఎవర్రా? మనవాళ్ళేనా?"