చలి లేని ఊళ్లో చలికాలపు జోడీ

చలి మొదలవగానే తోడు వెతుక్కోవడం, ఎండలు ముదరగానే ఎవరి దారిన వాళ్లు పోవడం. అమెరికా కుర్రకారు దీన్ని కఫింగ్ సీజన్ అంటారు. 2017లో కాలిన్స్ నిఘంటువు వాళ్లు ఆ ఏటి మేటి మాటల జాబితాలో దీన్నీ చేర్చారు. ఇప్పుడు చెన్నై ఓఎమ్మార్ ఐటీ ఆఫీసుల్లో తెలుగు పిల్లల నోటా ఇదే మాట.

బాగానే ఉంది, చలేదీ?

డిసెంబరు రాత్రి కూడా ఇక్కడ 21, 22 డిగ్రీల కిందికి దిగడానికి మొహమాటపడుతుంది. ఈ ఊరు నిజంగా వణికింది 1895 డిసెంబరులో, మళ్లీ 1905 జనవరిలో. అప్పుడు 13.9 డిగ్రీలట. ఆనాడు జత కుదిరినవాళ్ల మునిమనవలు కూడా ఈపాటికి రిటైరై ఉంటారు. ఇప్పటి చలికాలమంతా తెల్లారి పాల ప్యాకెట్టుకి వెళ్లే పెద్దాయన మంకీ క్యాపులోనే ఉంది. తలకి ఉన్ని టోపీ, ఒంటికి ఉత్త బనీను. చలి ఆయనకి చెవుల్లోంచే దూరుతుంది కాబోలు.

పైగా ధనుర్మాసం. ఇంట్లో పెళ్లిమాట ఎత్తనివ్వని పెద్దలే ముప్ఫై రోజులూ తిరుప్పావై పాడించి, భోగినాడు గోదాదేవికి రంగనాథుడితో కల్యాణం చేయిస్తారు. ఆవిడ కోరుకున్నది సీజన్ టికెట్ కాదు మరి.

ఆ నెలలో చెన్నై వలచేది సంగీత సభల క్యాంటీన్లని. 1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశం నుంచి మ్యూజిక్ అకాడమీ పుట్టింది, దాని వెనకాలే ఈ డిసెంబరు కచేరీలూ. త్యాగయ్య తెలుగులో అంతగా వేడుకున్నాక, మృదంగం తని ఆవర్తనం అందుకోగానే సగం హాలు లేచిపోతుంది. అరిటాకు మీద పొగలు కక్కే కీరై వడ, సాంబారులో మునిగిన ఇడ్లీ, నురగ దిగని కాఫీ. వడ అయిపోతే ఇంకో రెండు. సరిగ్గా ముక్తాయింపు వేళకి మూతి తుడుచుకుంటూ వచ్చి చప్పట్లు కొడతారు. జనవరి వెళ్లేసరికి ఆ క్యాంటీను ఊసే ఉండదు. అటు వంటవాడూ ఏడవడు, ఇటు రసికుడూ ఏడవడు.

పిల్లలకి ఆ సుఖమూ లేదు. పెళ్లికాని జంటంటే ఇల్లుగలాయన గేటు దగ్గరే ఆపేస్తాడు. పీజీ హాస్టలుకి రాత్రి తాళం పడుతుంది. బెసెంట్ నగర్ బీచ్‌లో కూర్చుంటే సుండల్ కుర్రాడు కొనేదాకా కదలడు. ఇక ప్రేమించేదెప్పుడు?

ఈ ఊళ్లో జనాన్ని నిజంగా దగ్గర చేసింది చలి కాదు, వరద. 2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగింది. మర్నాడు హిందూ పత్రికే అచ్చు కాలేదు. కరెంటూ ఫోన్లూ లేక, ఏళ్లుగా పలకరించుకోని ఎదురెదురు వాటాలవాళ్లు ఒకే కొవ్వొత్తి చుట్టూ చేరారు, ఉన్న పాలు పంచుకున్నారు, పిల్లల్ని ఒకే మంచం మీద పడుకోబెట్టారు. కరెంటొచ్చాక ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. ఆ గడబిడలో అడగని పేరు ఇన్నేళ్ల తర్వాత అడగాలంటే ఇద్దరికీ మొహమాటమే.