కన్నీళ్ళ గుమాస్తా

నెల్లూరు సీమ సముద్రతీరమున, ఇస్కపల్లి ఉప్పుకయ్యల చుట్టుపట్ల, సరుగుడు తోపుల మాటున నున్న పల్లెలలో ప్రతిదానియందును ఒక తరహా పెద్దమనిషి తప్పక కానవచ్చును. ఆయన సినిమా చూచి ఆనందించుటకు పుట్టినవాడు కాడు; చూచి ఆశాభంగము పొందుటకును, పొందిన ఆశాభంగమును మరునాడు కాఫీ హోటలు బల్లమీద నలుగురికి పంచిపెట్టుటకును పుట్టినవాడు. మా గుమాస్తా మామ అట్టివాడు. ఉప్పు కొఠారులో జీవితమెల్ల తూనిక చూచి విశ్రాంతి పుచ్చుకొన్న పిమ్మట, లోకమునందలి లవణద్రవ్యములలో తన పరీక్షకు మిగిలినది కన్నీరొక్కటే యని నిశ్చయించి, దాని నాణెము తేల్చు అధికారమును తనకు తానే ఇచ్చుకొనెను.

1953లో వేదాంతం రాఘవయ్యగారి ‘దేవదాసు’ విడుదలైనది. 1917లో వెలువడిన శరత్ బాబు నవల దానికి మూలము: ఒకే పల్లెలో ఆడిపాడి పెరిగిన ఇద్దరు పిల్లలు పెద్దల ప్రతిష్ఠల నడుమ నలిగి విడిపోగా, పార్వతి ముసలి జమీందారు ఇంటికిని, దేవదాసు మధుపాత్రకును దక్కిన కథ. అక్కినేని, సావిత్రి నటనయు, ఘంటసాల గానమును, చిత్రము వెలికి రాకమునుపే కన్నుమూసిన సుబ్బరామన్ సంగీతమును ఒక్కచోట కూడగా, ఆంధ్రదేశము వెక్కి వెక్కి ఏడ్చినదనిన వింత లేదు. (చివరి భాగము కొంచెము జాస్తి యని నాకును తోచినది గాని, ఆ మాట మా ఇంటి ఆడవారియెదుట అనజాలను.) అట్టి చిత్రము ఊళ్ళు తిరిగి తిరిగి, ఒళ్ళెల్ల గీతలు పడి, మా తీరమునకు టూరింగు టాకీసు డేరాలోనికి వచ్చునప్పటికి, మామ ఉతికిన ఉత్తరీయమొకటి అదనముగా భుజమున వేసికొని బెంచీ టిక్కెట్టుకు నిలుచుండెను.

ప్రొజెక్టరొక్కటే యగుటచే రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలిగెడివి. నేల టిక్కెట్టు స్త్రీలు ఆ వెలుతురులో ముక్కులు చీది, కొంగులతో కన్నులొత్తుకొని, వేరుసెనగకాయలు కొని, దీపమారినంతనే ఏడ్పును విడిచిన చోటనే అందుకొనెడివారు. మామ మాత్రము కదలలేదు. ఆట విడిచిన పిమ్మట ఉత్తరీయమును దులిపి పట్టి చూపెను.

“చూడండయ్యా, ఒక్క బొట్టన్నా ఉందా? ఏడుద్దామని దుడ్లిచ్చి పోతే మన ఏడుపు కూడా వాడే ఏడ్చేసె. తాగేది వాడే, దగ్గేది వాడే, జాలిపడేది కూడా వాడే. ఇంక మనకు మిగిల్చిందేంది?”

కాని మా తీరమున ఏ గుడ్డయు పొడిగా నుండదు. డేరాలోని ఉక్కయు, ఉప్పుగాలియు కలసి ఆ ఉత్తరీయమును పిండిన నీరు కారునట్లు చేసినవి. “తడిసిందే మామా!” అని ఒక కుఱ్ఱవాడు పట్టుకొనెను. “చెమటరా అది!” అని మామ గర్జించెను. చెమటకును కన్నీటికిని రుచిలో భేదము లేకపోవుట, ఆయుస్సెల్ల ఉప్పు తూచిన వానికెంత సంకటమో పాఠకులే ఊహింతురు గాక.

చిత్రము విడుదలైన యేడే, అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రమేర్పడి, మాకు పెరటి వాకిలివంటి మదరాసు పరాయి రాష్ట్రమున చిక్కిపోయినది. మామ దానినే ప్రమాణముగా చూపెడివాడు. “మదరాసు పోతేనే ఏడవనోణ్ణి, పార్వతి పోతే ఏడుస్తానంట్రా?”

నా దృష్టిలో మామకు దుఃఖముతో వైరము లేదు. దండోరా వేయించుకొని వచ్చు దుఃఖముతోనే వైరము. ఒకనాడు బాల్యస్నేహమును గూర్చి కదలించితిని.

“చిన్ననాటి నేస్తమంటే నాకు తెలీదా అబ్బయా! నా బొంగరం జేబులో ఏసుకోని, బకింగ్‌హాం కాలవలో ఉప్పు పడవెక్కి పోయినాడొకడు. ఇంతవరకు అజా పజా లేడు. నేను తాగినానా, దగ్గినానా? పోయి వాళ్ళమ్మను బొంగరం దుడ్లు అడిగినా.”

“ఇచ్చిందా?”

“ఏడ్చింది. ఇంక ఎట్టడిగేది? వచ్చేసినా.”

అంతటితో ఆ ప్రసంగము చాలించి, ప్రొజెక్టరు నడుపువాని అప్రయోజకత్వముమీదికి మరలెను. డేరా ఉన్నన్నాళ్ళును మామ ఆ బెంచీ వదలలేదు. “అంత బాగాలేని సినిమాకు మళ్ళా ఎందుకు మామా?” అని అడిగితిని.

“రాత్రి ఆఖరి రీలు తెగిపాయె. వాడు సరిగా చచ్చినాడో లేదో చూడకుండా బాగాలేదని ఎట్టా చెప్పేది?”