బోటు మునిగినా బాటు తేలుతుంది

గోదావరి జిల్లాల్లో దారి అడిగినవాడికి దారి ఒక్కటే చెప్పి వదిలేసే మనిషి ఇంకా పుట్టలేదు. "అంతర్వేది ఎలా వెళ్లాలండీ?" అన్నారనుకోండి. అరుగు మీది పెద్దాయన ముందు మీ వాంగ్మూలం తీసుకుంటాడు. ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ? ఎండనపడి వచ్చారు, మంచినీళ్లు తాగారా? వెంట పిల్లలున్నారా? ఇదంతా అయ్యాక నర్సాపురం వెళ్లి పంటెక్కి సఖినేటిపల్లి రేవులో దిగమంటాడు. అంతలోనే నాలిక కరుచుకుని, "ఆగండాగండి, మొన్నట్నించీ ఎర్రనీరు జోరుగా ఉంది, పంటు ఆపేశారేమో, మా బావమరిదిని కనుక్కుంటా" అని ఫోన్ తీస్తాడు. పంటు ఆగిందని తేలితే చించినాడ వంతెన మీదుగా మళ్లిస్తాడు. పనిలో పనిగా భోజనానికో హోటలు చెప్తాడు. అది వాళ్ల చుట్టాలదే అయ్యుంటుంది, అది వేరే సంగతి.

ఈయనేం సత్యహరిశ్చంద్రుడు కాదు. తెలీదు అనడం మా వైపు మర్యాద తక్కువ, అంచేత తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి పంపిస్తాం. కాకపోతే తప్పు దారి చెప్పినాయన సాయంత్రానికి అదే అరుగు మీద దొరుకుతాడు. "ఏమండీ, ఇలా చెప్పారేంటండీ?" అని నిలదీయొచ్చు. "ఆయ్, పొరపాటైపోయిందండీ" అంటాడు, కాఫీ ఇప్పిస్తాడు.

ఇప్పుడు ఈ పెద్దాయన కొలువుకి ఎసరొచ్చింది. చాట్‌బాటుగారు దయచేశారు.

బాటంటే నాకు పుట్టుకతో వచ్చిన పగేమీ లేదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్లూ, ఆర్టీసీ టిక్కెట్లూ, గుళ్లో సేవలూ ఫోనులోకి వచ్చాయి. కాగితం ముక్క కోసం ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగినవాళ్లకి అది మేలే, దాన్ని వెక్కిరిస్తే కళ్లు పోతాయి. నొక్కితే టిక్కెట్టు, నొక్కితే రసీదు: అది గుమాస్తా పని, యంత్రం చేయదగ్గదే. గొడవల్లా ఆ గుమాస్తాకి గైడుగా ప్రమోషన్ ఇచ్చినప్పుడు మొదలవుతుంది. పర్యాటకుడికి ఇక మనిషితో పనేం లేదు, అడిగితే బాటే అన్నీ చెప్తుంది అని సభల్లో చప్పట్లు కొట్టించుకునేవాళ్లు తయారయ్యాక, ఆ ప్రమోషన్ ఆర్డరు మీద సంతకం ఎప్పుడన్నదే మిగిలింది. 2027లో గోదావరి పుష్కరాలు. బాటు లేకుండా రాజమండ్రిలో పుష్కరాలు జరుగుతాయని ఎవరైనా పందెం కాస్తానంటే, రెండో వైపు నేను కాస్తాను.

సరే, కొలువిచ్చే ముందు ఇంటర్వ్యూ చేయడం ధర్మం. బాటుగారిని పిలిచాననే అనుకోండి.

"అయ్యా, జూలై నెలాఖరు. హైదరాబాదు నుంచి ఓ కుటుంబం పాపికొండలు చూడ్డానికి వస్తోంది. ఏం చెప్తారు?"

తక్షణం వాగ్ధార. పచ్చని కొండల నడుమ పరవళ్లు తొక్కే గోదావరి, మరపురాని అనుభూతి, తప్పక చూడవలసిన ప్రదేశం. తెచ్చుకోవలసినవి: టోపీ, కళ్లద్దాలు, మంచినీళ్ల సీసా. ఎంత బాగా చెప్పారండీ! ఇంతకీ బోటు వదులుతున్నారా? ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఇవాళ ఎన్ని అడుగులుంది? 11.75 దాటితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ ఇక్కడ బడిపిల్లలకి ఎక్కాలతో పాటు వస్తాయి. 2022 జూలైలో ఇదే ఆనకట్ట మీద 25 లక్షల క్యూసెక్కుల దాకా పారింది. బోటెక్కడానికి చేరే గండిపోచమ్మ గుడే పోలవరం కాఫర్ డ్యాం వచ్చాక వరద రోజుల్లో నీళ్లలో మునుగుతోంది. అమ్మవారే మునిగి ఉంటే, ఈయన టోపీ తెచ్చుకోమంటాడు!

"పోనీ, సంక్రాంతికి కోనసీమ వస్తున్నాం. ఏం తినమంటారు?"

పులస అంటాడు. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత కూడా జతచేస్తాడు. ఎర్రనీటికి ఎదురీదుతూ వరదల్లో వచ్చే చేప సంక్రాంతికి ఎక్కడిదని అడిగితే మీ ప్రశ్నను మెచ్చుకుంటాడు. బయట్నించి వచ్చిన ఇలసకి పులసని పేరుపెట్టి అమ్మే విద్య మనుషులకీ వచ్చు కాబట్టి ఈ ఒక్క పాపంలో ఆయనకి సగమే వాటా ఇద్దాం.

లోపం బాటులో కాదు, అది చదువుకున్న చదువులో ఉంది. వెనక రాసిపెట్టిన కోట్ల పుటలు మింగి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే నప్పుతుందో చూసుకుని అల్లడం దాని పని. ఇవాళ్టి నీటిమట్టాన్ని ఎవరైనా అందిస్తే తప్ప ఇవాళ అనేదొకటుందని దానికి తెలీదు. మరి మన గురించి వెనక రాసిపెట్టిన పుటల్లో ఎక్కువ ఏమున్నాయి? ప్రకటనలు. శంకుస్థాపనలు. మంత్రిగారి హామీలు. వాటిని మేసి పెరిగిన బాటు బుర్రలో, ప్రకటించినవన్నీ పూర్తయిపోయిన ఆంధ్రప్రదేశ్ ఒకటి కళకళలాడుతూ ఉంటుంది. ఆ రాష్ట్రంలో కోటిపల్లి నుంచి నర్సాపురానికి రైలు కూతవేటు ఆలస్యం లేకుండా నడుస్తుంది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ దాటుకుంటూ కిటికీలోంచి కొబ్బరితోటలు చూసుకుంటూ పోవచ్చు. మన రాష్ట్రంలో ఆ లైను మంజూరై పాతికేళ్లు, దాని కింద పడవలు ఇంకా తిరుగుతున్నాయి. ఆ రాష్ట్రంలో హేవలాక్ వంతెన మీద జనం సాయంత్రాలు షికార్లు చేస్తారు. మనకి 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన ఆ వంతెన, వచ్చిన ప్రతి ప్రభుత్వం నోటా సుందరీకరణ మాట వింటూ తుప్పు పట్టింది. 2025 జూన్ 26న 94.44 కోట్ల 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశారు, అందులో ఈ వంతెన కూడా ఉంది. మంచిదే, పూర్తి కావాలి. కానీ ఆ వార్త చదివిన బాటు, పూర్తయ్యేదాకా ఆగుతుందా?

జిల్లాల సంగతి ముట్టుకోకపోవడమే మేలు. 2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి అన్నవరం కాకినాడ జిల్లాలోకీ, ద్రాక్షారామం కోనసీమలోకీ పోయాయి. యానామైతే అటూ ఇటూ గోదావరి జిల్లాలుండగా మధ్యలో కూర్చుని పుదుచ్చేరి లెక్కలోకి వెళ్తుంది. తూర్పుగోదావరిలో చూడవలసినవి చెప్పమంటే పాత జిల్లా చెప్పాలో కొత్త జిల్లా చెప్పాలో మాకే తడబాటు. బాటుని ఏమంటాం!

ఇవన్నీ నవ్వుకోదగ్గ తప్పులు. నవ్వురాని చోటికి వెళ్దాం.

కెనడాలో ఒకాయన, వాళ్ల బామ్మ చనిపోతే ఊరెళ్లడానికి ఎయిర్ కెనడా వాళ్ల చాట్‌బాట్‌ని అడిగాడు. ముందు మామూలు టిక్కెట్టు కొనుక్కో, చావుకబురు రాయితీకి 90 రోజుల్లోపు అర్జీ పెట్టుకోవచ్చు అంది. పెట్టుకున్నాడు. అలాంటి నిబంధనే లేదు పొమ్మంది కంపెనీ. వ్యవహారం ట్రిబ్యునల్‌కెక్కితే ఆ కంపెనీ చేసిన వాదన వింటే మన శాఖాధిపతులు అసూయతో కుమిలిపోతారు. ఆ బాటు తనంతట తానొక ప్రత్యేక వ్యక్తిత్వం కలదట, దాని మాటలకి అదే బాధ్యురాలట! 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదనని చెత్తబుట్టలో వేసి, వడ్డీ ఖర్చులతో సహా సుమారు 812 కెనడా డాలర్లు కట్టించింది.

కంపెనీ ఓడిపోయింది నిజమే. అయినా కిటుకు బయటపడింది కదండీ. తప్పు మోయడానికి ఇన్నాళ్లూ మనకి ఒక కిందిస్థాయి ఉద్యోగి కావలసివచ్చేది. వాడికి పెళ్లాం పిల్లలుంటారు, యూనియన్ ఉంటుంది, ఒక్కోసారి నోరు కూడా ఉంటుంది. బాటుని సస్పెండ్ చేస్తే ధర్నా చేయదు. విచారణ కమిటీ పిలిస్తే ఎంతో వినయంగా క్షమాపణ చెప్తుంది, అడిగితే మళ్లీ చెప్తుంది, ఎన్నిసార్లడిగినా చెప్తుంది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. నది వరద మీదుంది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వసిష్ఠ బోటు మునిగింది. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు, యాభై మంది దాకా తిరిగి రాలేదు. ఆ నీటిలో ఆ బోటుని ఎవరు వదలమన్నారన్న ప్రశ్న ఆ తర్వాత ఒక శాఖ గుమ్మంలోంచి ఇంకో శాఖ గుమ్మంలోకి నడుస్తూ పోయింది. మునిగిన బోటుని అక్టోబరు 22న పైకి తీసింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం. ఇనుప తాళ్లూ లంగర్లూ పట్టుకుని, నీటి వాటం చూసుకుంటూ, విఫలమై, మళ్లీ దిగి తీశారు. ఆ మలుపులో సుడి ఎలా తిరుగుతుందో వాళ్లు ఏ పుటలోనూ చదవలేదు.

ఆ ఆదివారం పొద్దున అక్కడ కావలసింది పాపికొండల వర్ణన కాదు. "ఇవాళ బోటు లేదు, వెనక్కి వెళ్లండి" అనే ఒక్క మాట. డబ్బు కట్టి, పిల్లల్ని వెంటేసుకుని వచ్చినవాళ్ల మొహం మీద ఆ మాట అనడానికి కొంచెం అధికారం కావాలి, కొంచెం కటువుదనం కావాలి. ఆ తర్వాత వాళ్లు పెట్టే శాపనార్థాలు వినడానికి చెవులు కావాలి. అడిగినవాణ్ని సంతోషపెట్టడమే పరమావధిగా తయారైన బాటుకి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

ఇక పుష్కరాలు. 2015 జూలై 14, మొదటి రోజు ఉదయం. రాజమండ్రి పుష్కర్ ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది పోయారు. కోటిలింగాల ఘాటు అంత పొడుగున ఉండగా, జనం ఈ ఘాటుకే ఎందుకు ఎగబడ్డారు? పుష్కర స్నానమంటే పుష్కర్ ఘాటే అని పేరు పడింది కనక. ఫలానా ముహూర్తానికే మునగాలని ఊదరగొట్టారు కనక. విచారణ జరిపిన జస్టిస్ సోమయాజులు కమిషన్ కూడా ముహూర్తం మీద సాగిన ప్రచారాన్నే వేలెత్తి చూపింది. అధికారులు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ లెక్కన జనాన్ని నలిపేసింది సమాచారమేనన్నమాట. అందరికీ ఒకే మాట, ఒకే ఘాటు, ఒకే గంట. ఇప్పుడు బాటు చేసేది ఏమిటి? లక్షమంది విడివిడిగా, ఎవరి ఫోనులో వాళ్లు, రహస్యంగా అడిగినట్టే అడుగుతారు, ఎక్కడ మునిగితే పుణ్యం అని. ఎక్కువ పుటల్లో ఏ ఘాటు పేరుంటే ఆ పేరే అందరికీ చెప్తుంది, తలా ఒక శుభాకాంక్ష జోడించి. 2015లో టీవీలు చేసిన పనే. ఈసారి చెవిలో చెప్తారు, అంతే తేడా. అరుగు మీది పెద్దాయనలు వందమందిని అడిగితే వంద ఘాట్లు చెప్పేవాళ్లు, ఒకరితో ఒకరికి పడదు కాబట్టి. ఆ పడకపోవడం ఎంతమంది ప్రాణాలు కాపాడిందో ఏ కమిషనూ లెక్కకట్టలేదు.

ఇది నా అపశకునపు బుద్ధి అనకండి. ప్రయాగరాజ్ కుంభమేళాకి 2024 డిసెంబరులో సాక్షాత్తూ ప్రధానమంత్రి చేతుల మీదుగా 'కుంభ్ సహాయక్' అనే చాట్‌బాట్ మొదలైంది. పదికి పైగా భాషలొచ్చు దానికి. 2025 జనవరి 29, మౌని అమావాస్య, తెల్లవారకముందే సంగమం దగ్గర తొక్కిసలాట. చనిపోయినవాళ్లు 30 మందని సర్కారు లెక్క. తప్పు బాటుదని ఎవరూ అనలేదు, నేనూ అనను. అన్ని భాషలొచ్చిన ఆ సహాయకుడు ఆ చీకట్లో, ఆ గుంపులో ఎవరికీ పనికిరాలేదన్నదే నా గోడు. అక్కడ కావలసింది తాళ్లు, గట్లు, వెలుతురు, వెనక్కి తిప్పే పోలీసులు. సరిగ్గా ఆ మర్నాడే మన దగ్గర 'మన మిత్ర' మొదలైంది. తేదీలు కాకతాళీయంగా కలిశాయి, అంతే.

బాటు వద్దని అనడం లేదండీ. ఒడిశా నుంచి అర్ధరాత్రి దిగిన యాత్రికుడికి పంచారామాల్లో ఏది ఏ వేళకి తెరుస్తారో వాళ్ల భాషలో చెప్పడం చిన్న ఉపకారం కాదు. చెప్పనివ్వండి. కార్తీక సోమవారాల బస్సులు చెప్పనివ్వండి, ఆత్రేయపురం పూతరేకుల చిరునామా చెప్పనివ్వండి. నీటి మాట, పడవ మాట, ఘాటు మాట వచ్చినచోట మాత్రం దాని నోరు కట్టేసి, ఆ పూట డ్యూటీలో ఉన్న అధికారి పేరూ ఫోన్ నెంబరూ స్క్రీను మీద వేయండి. బోటు వదలమన్నా వద్దన్నా ఆయన పేరు మీదే ఉండాలి. ఇంతకంటే గొంతెమ్మ కోరిక నాకు లేదు.

దీనికి ఆఫీసులోంచి ఏ జవాబొస్తుందో నాకిప్పుడే వినబడుతోంది.

"అలా పేరూ నెంబరూ పెట్టేస్తే జనం ఫోన్లు చేసేస్తారు కదండీ!"

ఆయ్. చేయడానికేనండీ పెట్టమంటున్నది.