దప్పిక అనుకున్నాను

ఈ మాట ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు. ఎకరం కుసుమ పంటను నా చేతులారా నేనే చంపుకున్నాను. పురుగు పట్టలేదు, రాళ్ల వాన కొట్టలేదు. నీళ్లు పెట్టి చంపాను.

మాది బోధన్ పక్క పల్లె. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఆ కాలువ కింద చెరకు వచ్చింది, చెరకు వెంట శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఏడాది పొడుగునా చేనులో ఉండే చెరకుకు తడి మీద తడి కట్టడమే మా నాయిన నాకు నేర్పిన సేద్యం. మొక్క వాడిందంటే నీళ్లు తక్కువైనట్టే. అంతకు మించి తెలుసుకోవాలని నేనూ అనుకోలేదు.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు మానేసి వరి వేశాను, సోయా వేశాను. ఓ యాసంగిలో నల్లరేగడి ఎకరంలో కుసుమ వేద్దామనిపించింది. నా చిన్నతనంలో జొన్న చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ పోసేవారు, ముళ్లకు జడిసి పశువులు లోపలికి రావని. లేత ఆకు తెంపి అవ్వ కూర వండేది.

విత్తే ముందు చాలా చదివాను. రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థ, తాండూరు పరిశోధన కేంద్రం ఈ పంట మీద పనిచేస్తున్నాయి. మన మంజీర పేరుతోనే ఒక కుసుమ రకం ఉంది. గింజలో దాదాపు 30 శాతం నూనె. అది వంటకు ఎంత మంచిదో రంగులకూ వార్నిష్‌లకూ అంత పనికొస్తుంది. గాలి తగిలితే పలచటి పొరలా ఆరుతుంది, అవిసె నూనెలా పసుపెక్కదు, అందుకే తెల్ల రంగుల్లో వాడతారు. పూరేకుల నుంచి బట్టలకు రంగు తీస్తారు. నాలుగు నెలల పైచిలుకు పంట. వేరు మనిషి ఎత్తుకు మించి లోతుకు దిగి అడుగు తేమను తాగుతుంది. నీళ్లు నిలిస్తే బతకదన్న ముక్క కూడా చదివాను. చదివాను గానీ, చేతులకు అలవాటైంది వేరు.

అక్టోబరులో విత్తాను. సంక్రాంతికి ముందు నేల నెర్రెలు విచ్చింది. ఒక నెర్రెలో చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. నా ప్రాణం ఆగలేదు. బోరు మోటారు వేసి రాత్రంతా పారించాను. రేగడి నీటిని తొందరగా వదలదు, రెండు రోజులు సాళ్లలోనే నిలిచింది. వారం తిరగకముందే ఆకులు వాలిపోయాయి. దప్పిక అనుకున్నాను. మళ్లీ కట్టాను.

పక్క చేను పెద్దాయన వచ్చి ఒక మొక్కను పట్టి లాగాడు. రెండు వేళ్లకే ఊడొచ్చింది. వేరు మొదలు నల్లబడి ఉంది. గోటితో గీకితే తోలు జారిపోయింది, కింద కుళ్లు. "కుసుమకు నీళ్లు ఎవలు వెట్టుమన్నరు బిడ్డా? దాని నీళ్లు అదే ఎతుక్కుంటది గదా" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. వేరు కుళ్లినా ఆకు వాడుతుంది. ఆ వాడటానికీ దప్పికకూ తేడా నాకు తెలియలేదు.

గట్టు పక్క నీళ్లెక్కని ఐదారు సాళ్లు మిగిలాయి. పసుపు పచ్చగా పూసి, వాడేకొద్దీ ఎర్రబడ్డాయి. ముళ్లు మెత్తబడే మంచు వేళ, చేతులకు గుడ్డలు చుట్టుకుని కోశాం. ఆ గింజల్ని గానుగ ఆడించి తెచ్చిన నూనెతో ఇంట్లో వంట చేసిన రోజు నాకు ముద్ద దిగలేదు. ఎకరమంతా అలాగే నిలబడేది, నేను ఊరుకుని ఉంటే.

మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వస్తోంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే ఆరు యాసంగి పంటల్లో కుసుమ ఒకటి. ముల్లు లేని రకాలూ వచ్చాయి. నీళ్లు అడగని ఇలాంటి పంట మా రేగడిలో నిలబడాలి. దాన్ని నమ్మడం నాలాంటి కాలువ కింది రైతు ముందు నేర్చుకోవాలి.

ఈ యాసంగి మళ్లీ వేశాను. నేల నెర్రెలిచ్చినప్పుడల్లా చెయ్యి బోరు స్టార్టర్ వైపు పోతుంది. అప్పుడు చేనులోకి నడిచి ఒక ఆకు పట్టి చూస్తాను. ముల్లు వేలికి గట్టిగా గుచ్చుకుంటే మొక్క బాగున్నట్టే. ఇంటికి వచ్చేస్తాను.